దారి లేనిచోట దారి వేసిన దుర్గాబాయమ్మగారు

ఈ ప్రత్యేక సంచికకు ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడపిల్లలకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా సర్వీసు చేసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినదాన్ని కనుక నాలుగు సలహాలు చెప్పగలనని వారి నమ్మకం. అయితే సలహా అనేది అడగకుండా ఇస్తే వినేవారు ఉండరు, అడిగి పుచ్చుకున్నా ఆచరించేవారు తక్కువ. జీవితచరిత్ర అలా కాదు. చదివినవారు తమకు కావలసింది తామే ఏరుకుంటారు. అందుకని మనందరికీ పేరు తెలిసిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితాన్ని, ఉద్యోగం చేసిన ఒక ఆడదాని కళ్ళతో చూసి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆమె స్వాతంత్ర్య సమరయోధురాలని, ఆంధ్ర మహిళాసభ స్థాపించారని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. తలుపు మూసి ఉన్నచోట ఆమె ఏడుస్తూ కూర్చోలేదు, తలుపు బద్దలుకొట్టనూ లేదు. అది ఎందుకు మూసి ఉందో కనుక్కున్నారు. ఆ కారణాన్ని తొలగించారు. తాను లోపలికి వెళ్ళాక వెనక వచ్చేవారి కోసం తలుపు తెరిచే ఉంచారు.

బాల్యం

దుర్గాబాయిగారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. పెరిగింది కాకినాడలో. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్ళడానికి ఇష్టపడలేదు. ఆ మాట పెద్దల ముందు చెప్పడానికి ఆ రోజుల్లో ఎంత ధైర్యం కావాలో మన అమ్మమ్మల కథలు విన్నవారికి తెలుసు. పుట్టింటివారు ఆమె పక్షాన నిలిచారు. ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, బయట ఎంత పోరాడినా ఇంట్లో ఒకరిద్దరి అండ లేకపోతే ఆడపిల్ల చదువుగాని ఉద్యోగంగాని నిలబడటం కష్టం. ఆ అండ ఇవ్వవలసిన వయసులో ఇప్పుడు మనం ఉన్నాం.

ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, హిందీ నేర్చుకుని, తాను ఇంకా బాలికగా ఉండగానే బాలికల కోసం హిందీ పాఠశాల నడిపారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు. దేవదాసీ స్త్రీలకు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలకు గాంధీజీ మాటలు వినిపించాలని ఆమె కోరిక. నిర్వాహకులను కొద్దిసేపు సమయం ఇమ్మని అడిగితే, అయిదు వేల రూపాయల విరాళం తెస్తే చూస్తామన్నారట. చిన్నపిల్ల, అంత సొమ్ము ఎక్కడ తెస్తుందిలే అనుకుని ఉంటారు. ఆమె ఆ స్త్రీల దగ్గరకే వెళ్ళి సొమ్ము పోగుచేసి తెచ్చారు. సభ జరిగింది.

ఆఫీసులో పనిచేసినవారికి ఈ సంఘటన అర్థం వెంటనే బోధపడుతుంది. పై అధికారి ఒక పని వద్దనదలచుకుంటే వద్దు అనడు, ఒక షరతు పెడతాడు. ఆ షరతు తీరదని అతని ధీమా. అలాంటప్పుడు చిన్నబుచ్చుకుని వెనక్కి రాకుండా, షరతు తీర్చి మళ్ళీ ఎదుట నిలబడితే ఇక కాదనడానికి కారణం మిగలదు.

టికెట్ లేని పెద్దమనిషి

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఏర్పాటైన ఖాదీ ప్రదర్శన దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీరు. టికెట్ లేనివారిని లోపలికి పంపవద్దని ఆమెకు ఇచ్చిన ఉత్తరువు. జవహర్‌లాల్ నెహ్రూగారు టికెట్ లేకుండా వచ్చారు. ఆమె ఆపేశారు. నిర్వాహకులు కంగారుపడి కోప్పడితే, తనకు చెప్పిన పని తాను చేశానన్నారు. చివరకు టికెట్ కొని ఇచ్చాకనే ఆయనను లోపలికి పంపారు. నెహ్రూగారు ఆ అమ్మాయి కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు.

ఈ కథ మనం చాలాసార్లు విన్నాం. నేను ఇందులో చూసేది ధైర్యం ఒక్కటే కాదు. తన విధి ఏమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు, అందుకే తడబడలేదు. కొత్తగా సీట్లో కూర్చున్న అమ్మాయిని పెద్ద పేరు చెప్పి, గట్టిగా మాట్లాడి లొంగదీయాలని చూసేవారు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు. అప్పుడు ఆదుకునేది గొంతు కాదు, రూలు. ఉత్తరువు నంబరు, తేదీ తెలిసినవారికి జంకు ఉండదు. మా కాలంలో ఫైలు మీద నోట్ రాసేటప్పుడు కూడా ఇదే సూత్రం.

జైలు నుంచి చదువుకు

1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో జరిగినప్పుడు దుర్గాబాయిగారు అందులో ముందు నిలిచారు. 1930-33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించారు, ఆరోగ్యం దెబ్బతిన్నది. జైలులో ఆమె చూసిన మరో సంగతి ఆమె బ్రతుకు మలుపు తిప్పింది. హత్యానేరాల మీద శిక్ష పడిన స్త్రీలలో కొందరికి తమ మీద మోపిన నేరం ఏమిటో, కోర్టులో ఏం జరిగిందో కూడా తెలియదు. వారి తరఫున అడిగే దిక్కు లేదు. ఇటువంటివారికి సాయపడాలంటే సానుభూతి చాలదు, చట్టం తెలియాలి అని ఆమెకు తోచింది.

విడుదలయ్యేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. చేతిలో మెట్రిక్యులేషన్ కూడా లేదు. రాజకీయాల్లో పేరుంది, సభల్లో మాట్లాడగలరు. అయినా ఆమె మొదటి మెట్టుకు దిగి చదువు మొదలుపెట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. తర్వాత అక్కడే ఇంటర్మీడియెట్. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకుని హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టేసరికి ఆమెకు ముప్పైమూడేళ్ళు.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలని నా మనవి. ముప్పై దాటిన కోడలు మళ్ళీ చదువుకుంటానంటే మన ఇళ్ళలో ఏమంటున్నాం? ఇప్పుడు నీకెందుకమ్మా అంటున్నాం. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన కూతురు అయిదారేళ్ళ తర్వాత మళ్ళీ చేరతానంటే, నీ తోటివాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు, నీవల్ల కాదంటున్నాం. దుర్గాబాయిగారితో ఆ మాట అని ఉంటే మన దేశం ఎంత నష్టపోయేదో లెక్క వేసుకోవచ్చు.

వాల్తేరులో హాస్టలు

కాశీ తర్వాత ఆమె బి.ఎ. ఆనర్సు రాజనీతిశాస్త్రం చదవడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు అప్పుడు వైస్‌ఛాన్సలర్. స్త్రీలకు హాస్టలు లేదు కనుక సీటు ఇవ్వడం కుదరదన్నారు. స్త్రీలు చదవకూడదని కాదు, ఉండే చోటు లేదని. అప్పుడు దుర్గాబాయిగారు పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టలు లేని కారణంగా విశ్వవిద్యాలయంలో చేరలేకపోతున్న ఆడపిల్లలు తనకు రాయవలసిందని దాని సారాంశం. ఉత్తరాలు వచ్చాయి. అలా వచ్చిన అమ్మాయిలు కలిసి ఒక వసతి ఏర్పాటు చేసుకుని హాస్టలు నడుపుకున్నారు. సీట్లు వచ్చాయి.

ఆమె జీవితం మొత్తంలో ఉద్యోగం చేసే స్త్రీలకు ఇంతకంటే పనికివచ్చే ఘట్టం లేదని నా అభిప్రాయం. ఆమెకు ఒక్కదానికి మినహాయింపు ఇమ్మని బతిమాలుకుని ఉంటే బహుశా దొరికేదేమో. ఆమె అలా చేయలేదు. తన ఇబ్బంది తనొక్కదానిదే కాదని గ్రహించి, అదే ఇబ్బంది ఉన్నవారిని వెతికి పట్టుకున్నారు.

నేను సర్వీసులో చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండేది కాదు. పక్కవీధిలో తెలిసినవారి ఇంటికి వెళ్ళివచ్చేవాళ్ళం. ఉదయం నుంచి మంచినీళ్ళు తాగకుండా గడిపినవారు ఉన్నారు. ఎవరికి వారు నోటితో చెబితే నవ్వి ఊరుకున్నారు. చివరకు పదకొండుమందిమి సంతకాలు చేసి కాగితం పెట్టి, తపాలాలో నంబరు వేయించుకున్నాం. ఒకరు అడిగితే అది గొంతెమ్మ కోరిక. పదకొండుమంది రాసి ఇస్తే అది ఫైలు. ఫైలుకు ఎవరో ఒకరు సమాధానం రాసి తీరాలి. ఏడాది పట్టింది గాని గది కట్టారు.

రాజ్యాంగ సభలో

దుర్గాబాయిగారు 1946లో మద్రాసు రాష్ట్రం తరఫున రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో సభ్యులైన స్త్రీలు 15 మంది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న స్త్రీ ఆమె ఒక్కరే. మాట్లాడవలసిన అంశం చదువుకుని, సవరణ రాసుకుని వచ్చి మాట్లాడేవారు. పై సభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్ళని ముసాయిదాలో ఉంటే, దాన్ని 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించారు. ఈనాడు రాజ్యసభకు కనీస వయసు 30 ఏళ్ళే. వయసులో చిన్నవారు కూడా బాధ్యత మోయగలరని ఆమె వాదం. పన్నెండో ఏట సభ జరిపించినవారికి ఆ మాట అనే అర్హత ఉంది కదా!

ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలో 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో అందరికీ సమానావకాశం ఇచ్చింది. స్త్రీ అన్న కారణంగా ఉద్యోగం నిరాకరించరాదని అందులోనే ఉంది. మనలో ఎంతోమంది మహిళలం సర్వీసు రిజిస్టరులో పేరు ఎక్కించుకుని, ఈనాడు పింఛను తీసుకుంటున్నామంటే దాని వెనుక ఆ అధికరణం ఉంది. ఆ అధికరణాన్ని ఆమోదించిన సభలో మన తెలుగు ఆడపడుచు కూర్చుని ఉన్నారన్నది గర్వించదగిన విషయం.

ఓటమి తర్వాత

1952 సాధారణ ఎన్నికల్లో దుర్గాబాయిగారు ఓడిపోయారు. తిరిగి మద్రాసు వెళ్ళి లాయరుగా ప్రాక్టీసు చేసుకోవాలనుకున్నారు. చేతిలో వృత్తి ఉన్నవారికి పదవి పోయినా దిగులుండదు. ఇంతలో నెహ్రూగారు ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా తీసుకున్నారు. సాంఘిక సేవల శాఖ ఆమెది.

అక్కడ ఆమె చేసిన పని చూడండి. దేశంలో స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు సేవ చేస్తున్న స్వచ్ఛంద సంస్థలు ఎన్నో ఉన్నాయి గాని వాటికి డబ్బు లేదు. మాటల్లో సానుభూతి చూపించేవారు చాలామంది. ఆమె మొదటి పంచవర్ష ప్రణాళికలో వాటి కోసం 4 కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. ఆ సొమ్ము పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆమే. బడ్జెట్‌లో పద్దు లేని పథకం ఎంత మంచిదైనా కాగితం మీదే ఉంటుందని మనకు అనుభవం. ఆమె ఆ సంగతి ముందే గ్రహించారు.

అదే సంవత్సరం జనవరి 22న ఆమె అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహం చేసుకున్నారు. ఆయన రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు. నెహ్రూగారు సాక్షి సంతకం చేశారు. అప్పటికి ఆమెకు నలభైమూడేళ్ళు. పెళ్ళి తర్వాత ఆమె పని తగ్గలేదు, ఇంకా పెరిగింది.

అర్హత లేనివారికి అర్హత

గ్రామాల్లో పనిచేయడానికి గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, పంతులమ్మలు కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి. ఆ ఉద్యోగాలు కావలసిన వితంతువులు, భర్త వదిలేసిన స్త్రీలు ఊరూరా ఉన్నారు. మధ్యలో అడ్డం ఒక్కటే, వారికి మెట్రిక్ లేదు, కొందరికి ఎనిమిదో తరగతి కూడా లేదు. మళ్ళీ పిల్లలతోపాటు బడిలో కూర్చుని ఏడెనిమిదేళ్ళు చదవలేరు.

దీనికి జవాబు ఆమె దగ్గర ముందే ఉంది. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళాసభలో పెద్ద వయసు స్త్రీలకు తక్కువ కాలంలో పాఠాలు చెప్పి కాశీ మెట్రిక్ పరీక్షకు పంపేవారు. తాను నడిచిన దారే అది. బోర్డు 1958లో ఆ పద్ధతిని దేశమంతటికీ కండెన్స్‌డ్ కోర్సుల పేరుతో విస్తరించింది. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలు రెండేళ్ళలో పరీక్షకు తయారయ్యే ఏర్పాటు అది.

ఈ కోర్సుల విలువ నాకు మరో వైపు నుంచి తెలుసు. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూసిన రోజుల్లో కారుణ్య నియామకాల ఫైళ్ళు నా చేతి మీదుగా వెళ్ళేవి. భర్త సర్వీసులో ఉండగా చనిపోతే భార్య దరఖాస్తు పెట్టుకునేది. డిగ్రీ ఉన్న ఇల్లాలు జూనియర్ అసిస్టెంటుగా చేరేది. చదువు ఆగిపోయిన ఇల్లాలు అటెండరుగా చేరేది. ఇద్దరి భర్తలూ ఒకే హోదాలో, పక్కపక్క సీట్లలో పనిచేసినవారే కావచ్చు. ఆ తర్వాత పాతికేళ్ళ జీతంలో, పింఛనులో తేడా అంతా ఆ ఒక్క సర్టిఫికెట్ దగ్గర నిర్ణయమైపోయేది. అన్నీ బాగున్నప్పుడే ఇంటి ఆడపిల్ల చదువు పూర్తిచేయించండి అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఆ ఫైళ్ళే కారణం.

ఉద్యోగంలో చేరినవారికి కూడా ఇదే మాట. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, అకౌంట్స్ టెస్టు రాయకుండా వాయిదా వేసిన సోదరీమణులను చాలామందిని చూశాను. పిల్లల పరీక్షలని ఒకసారి, ఆడపడుచు పెళ్ళని ఒకసారి. తమకంటే వెనక చేరినవారు పైకి వెళ్ళిపోయారు. ప్రమోషన్ మీద బదిలీ వస్తే వద్దని రాసి ఇచ్చినవారూ ఉన్నారు. ఆ కాగితం రాసేముందు ఇంట్లో అందరూ కలిసి కూర్చుని ఆలోచించాలి. ఆ భారం ఆమె ఒక్కదాని మీద వదిలేయకూడదు.

1958లో ప్రభుత్వం నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి దుర్గాబాయిగారే అధ్యక్షురాలు. 1959లో నివేదిక ఇచ్చారు. గ్రామాల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు నివాస వసతి ఉండాలని అందులో సూచించారు. వాల్తేరు హాస్టలు ఆమె మరచిపోలేదన్నమాట. ఆడపిల్ల ఎందుకు రావడం లేదని కాకుండా, వస్తే ఎక్కడ ఉంటుందని ఆలోచించడం ఆమె పద్ధతి. భార్యాభర్తల తగాదాలకు ప్రత్యేక కుటుంబ న్యాయస్థానాలు ఉండాలని కూడా ఆమె ఏనాడో కోరారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

మనకు మిగిలినది

1975లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న కన్నుమూశారు. చెన్నైలోను, హైదరాబాదులోను ఆంధ్ర మహిళాసభ సంస్థల్లో చదువుకున్నవారు, వైద్యం పొందినవారు, ఉద్యోగాలు చేసినవారు మన సభ్యుల కుటుంబాల్లోనే ఎంతమంది ఉన్నారో! హాస్టలు లేదని ఆమెను చేర్చుకోవడానికి వెనుకాడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆమె పేరిట మహిళా అధ్యయన కేంద్రం వెలిసింది.

ఈ కాలపు అమ్మాయిలకు మనకు లేని రక్షణలు కొన్ని వచ్చాయి. పనిచేసేచోట లైంగిక వేధింపులను అరికట్టడానికి 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మామూలుగా మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మీ ఇంటి అమ్మాయి ప్రైవేటు కంపెనీలో చేరినా సరే, అక్కడ ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోమనండి. నియామకపు ఉత్తరువు, జీతం కాగితాలు, ముఖ్యమైన ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్ళు ఇంట్లో భద్రపరచుకోమనండి. కాగితం విలువ మనకంటే ఎక్కువగా ఎవరికి తెలుసు?

ఇక మన సంగతి. పింఛను తీసుకుంటున్న మనకు సమయం ఉంది. మనవడిని సాయంత్రం రెండు గంటలు చూసుకుంటే కోడలు పరీక్షకు చదువుకోగలదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటున్న అమ్మాయికి రూల్సు చెప్పగలం, అర్జీ రాసి పెట్టగలం. ప్రతి జిల్లా శాఖలోనూ నెలకు ఒక పూట ఇందుకు కేటాయించాలని సంఘం పెద్దలకు నా విన్నపం. దుర్గాబాయమ్మగారి ఫొటోకు ఏటా జూలై 15న దండ వేయడం మంచిదే. మన వాకిట్లో చదువు మధ్యలో ఆపేసి కూర్చున్న ఒక్క అమ్మాయి చేత దరఖాస్తు పెట్టించడం అంతకంటే మంచిది. ఆ ఫారం నింపేటప్పుడు ఏ సందేహం వచ్చినా సంఘ కార్యాలయానికి రమ్మనండి. మంగళవారం, శుక్రవారం ఉదయం పూట నేను అక్కడే ఉంటాను.

ఒక విశ్రాంత సూపరింటెండెంటు